హెల్వి వదిలి వెళ్ళిన శ్రుతి

ల్యూబెక్‌లో ట్రావె నది ఒడ్డున ఒక పాత ఉప్పు గిడ్డంగి ఉంది. రోజూ పొద్దున్నే దాని తలుపు తీసేది హెల్వి. కోటైనా విప్పకుండా వెనక వరసలో తన కుర్చీలో కూర్చుని, ఓబో పెదవుల మధ్య పెట్టుకుని శ్రుతి ఇచ్చేది. ఓబో అంటే మన సన్నాయికి వేలువిడిచిన మేనత్త. సన్నగా, నల్లగా ఉండి ముక్కుతో మాట్లాడుతుంది. హెల్వి చేతిలో మాత్రం ఆ మేనత్త తేనె తాగి మాట్లాడేది.

ఆమె ఇచ్చిన శ్రుతి ఇక చెదిరేది కాదు. ఆమె కుర్చీ దగ్గర మొదలై, గదికి అడ్డంగా సాగి, అవతల తలుపు మీది మేకుదాకా బిగుతుగా నిలబడేది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు దానికి చెవి ఆనించి తీగలు బిగించుకునేవాళ్ళు, తడిసిన కోట్లు దానిమీద ఆరేసుకునేవాళ్ళు. మనిషెత్తు వయొలిన్‌లాంటి డబుల్ బాస్ వాయించే ఐవింద్ నార్వేవాడు, సిగ్గు తక్కువ. మేజోళ్ళు కూడా ఆరేసేవాడు.

"ఐవింద్, నీ మేజోళ్ళు తియ్యి. శ్రుతి కిందికి లాగుతోంది," అనేది హెల్వి.

"నా మేజోళ్ళు కాదమ్మా, జోల్తాన్ గొడుగు," అనేవాడు వాడు, కళ్ళార్పకుండా.

సాయంత్రం ఇంటికెళ్ళేముందు హెల్వి దాన్ని వేలితో ఒకసారి మీటేది. అది నిట్టూర్చి మాయమయ్యేది. మర్నాడు మళ్ళీ కొత్తది.

ఆ బృందానికి ఉప్పుకొట్టు బృందమని పేరు. ముప్ఫై తొమ్మిది మంది మనుషులు, ఇరవై దేశాలు, వెయ్యి పట్టుదలలు. వాళ్ళకి యజమాని లేడు. ముందు నిలబడి పుల్ల ఊపే పెద్దమనిషీ లేడు. ఎవరిని పిలవాలి, ఎక్కడ వాయించాలి, ఎవరిని చేర్చుకోవాలి, అన్నిటికీ ఓట్లే. కాఫీ యంత్రం ఏది కొనాలన్నదానిమీద ఎంతకాలం వాదించుకున్నారంటే, ఆ లోపల బృందంలో రెండు పెళ్ళిళ్ళు, ఒక విడాకులు, ఒక బారసాల జరిగిపోయాయి. చివరికి కొన్నది పొద్దున ఉప్పగా, సాయంత్రం చేదుగా కాఫీ ఇచ్చేది. అయినా తిట్టుకోవడానికి వీల్లేదు, అందరూ కలిసి ఎన్నుకున్నదాయె.

పుల్ల ఊపేవాడు లేకుండా అంతమంది ఒక్కసారిగా ఎలా మొదలెడతారంటే, హెల్వి ఊపిరితో. మొదటి స్వరానికి ముందు ఆమె ముక్కుతో ఒక ఊపిరి లోపలికి తీసేది. అది విని అందరి విల్లులూ కదిలేవి. ఆ ఊపిరి అందరికంటే దగ్గరగా తెలిసేది వీబ్కెకి. వీబ్కెది ల్యూబెక్కే. వయొలిన్‌కి అక్కలాంటి వయోలా వాయించేది, హెల్వికి సరిగ్గా ముందు కుర్చీ. పాతికేళ్ళ పైనుంచీ ఆ ఊపిరి ఆమె మెడ వెనక తగులుతూనే ఉంది. మొగుణ్ణి మార్చింది, ఇల్లు మార్చింది, జుట్టు రంగు ఏడుసార్లు మార్చింది గానీ ఆ కుర్చీ మార్చలేదు.

అలాంటి చోటికి రాదెల్లి వచ్చాడు. ఇటలీ పియానో విద్వాంసుడు. ఆయన వేళ్ళు ఎంత పొడుగంటే, చప్పట్లు కొడితే ముందు వరసలో వాళ్ళ టోపీలు ఎగిరిపోయేవి. మూడు సీజన్లు కలిసి వాయిద్దామన్నాడు. లిస్బన్ నుంచి టోక్యో దాకా కచేరీలు, రికార్డింగులు. బృందం ఓటేసింది, ఒప్పుకుంది, పులిసిన క్యాబేజీ, సాసేజీలతో విందు కూడా చేసుకుంది.

చిక్కు పియానోతో వచ్చింది. శ్రుతి ఒక పిసరు పైకుంటే మెరుస్తుందని రాదెల్లికి ఇష్టం. పొద్దున పియానో మరమ్మతుదారు పేటర్సన్ తీగలన్నీ పైకి బిగించేవాడు. మధ్యాహ్నానికల్లా అవి మెల్లగా జారి, హెల్వి శ్రుతి దగ్గరికొచ్చి కూర్చునేవి.

"ఇది పియానోనా, మునిగే పడవా?" అన్నాడు రాదెల్లి.

"పియానో బాగానే ఉందండీ. ఆవిడ శ్రుతి బరువు," అన్నాడు పేటర్సన్, చేప పెట్టిన రొట్టె నములుతూ. ఓడ బరువెక్కితే నీళ్ళు పైకొస్తాయన్నంత మామూలుగా అన్నాడు.

హెల్వి కాదనలేదు. ఓ రోజు పొద్దుటినుంచీ శ్రుతి పైకి నెట్టడానికి ప్రయత్నం చేసింది. అది పైకి వెళ్ళిందిగానీ, దూలం దగ్గర దారంలా పీలికలైపోయింది. ఆమె ఓబో ఒళ్ళో పెట్టుకుంది.

"నా ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడే శ్రుతి. అంతకు మించి నా వల్ల కాదు."

రాదెల్లి చెడ్డవాడేం కాదు. చేతులు చాపి, "అమ్మా, మీ స్వరం బంగారం. కానీ నాకు కావలసింది గాజు," అన్నాడు. తనకి తెలిసిన పోర్చుగల్ ఓబో కళాకారిణి గ్రాసిండా ఉందనీ, ఈ కచేరీలవరకూ ఆమె కూర్చుంటే బావుంటుందనీ అన్నాడు. ఆ కచేరీలంటే మూడేళ్ళు. హెల్వికి అరవై దాటాయి. మూడేళ్ళ తర్వాత తిరిగొచ్చి కూర్చోవడమన్నది మాటవరసకే.

కాబట్టి ఓటు.

ఓటుకి వాళ్ళదొక పద్ధతి ఉంది. అందరూ ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చుని కళ్ళు మూసుకోవాలి. కాదనేవాళ్ళు బూటు కాలితో నేలమీద ఒక్క గీత గీయాలి. ఒక్క కాలు గీసినా చాలు, ఆ ప్రతిపాదన చచ్చినట్టే. ఎవరూ గీయకపోతే అందరూ ఒప్పుకున్నట్టు. ముఖాలు చూసుకుంటూ చేతులెత్తితే ఇంటికెళ్ళాక మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటున్నారని, చాలా ఏళ్ళ కిందట ఈ పద్ధతి పెట్టుకున్నారు.

మొదటి వయొలిన్ జోల్తాన్ గొంతు సవరించుకున్నాడు. ఎన్నో ఓట్లు నడిపించిన హంగేరీ మనిషి, ఆ రోజు మాత్రం మాట తడబడింది. "రాదెల్లి గారి కచేరీలకి హెల్వి చోట్లో గ్రాసిండా కూర్చోవాలి. కాదనేవాళ్ళు గీయండి. కళ్ళు."

వీబ్కె కళ్ళు మూసుకుంది. కుడి మడమ అప్పుడే లేచింది. గీయడానికి సిద్ధంగా ఉంది. గీసేదే. ఎవరైనా మొదలెట్టగానే గీసేది.

ఎందుకంటే ఆమె బతుకంతా ఒంటరిగా మొదలెట్టిన పాపాన పోలేదు. ఎప్పుడో బెర్గెన్‌లో ఒక కచేరీలో అందరికంటే రెప్పపాటు ముందు విల్లు వేసింది. ఆ తప్పుకి ఐవింద్ ఇవాళ్టికీ, ఎక్కడ తలుపు తియ్యాల్సి వచ్చినా "వీబ్కెని తియ్యమనండి, తనే ముందొస్తుంది" అంటాడు. అలాంటి బృందంలో అందరికంటే ముందు కదలడమంటే బట్టలు లేకుండా వీధిలోకి వెళ్ళినట్టు.

అందుకని మెడ మీద తగిలే ఊపిరి కోసం చూసింది. తగలలేదు. ఇంకాసేపు చూసింది. గిడ్డంగిలో ఎంత నిశ్శబ్దమంటే, గోడల్లో వందేళ్ళుగా ఉన్న ఉప్పు కరిగి మళ్ళీ గడ్డకట్టిన చప్పుడు వినిపించింది. బయట నదిలో ఓ సరుకు పడవ వెళ్ళింది, దాని మనవడంత పడవ ఇంకోటి వెళ్ళింది. ఒక్క బూటూ కదల్లేదు.

"సరే," అన్నాడు జోల్తాన్. "అందరూ ఒప్పుకున్నట్టే."

కళ్ళు తెరిచేసరికి హెల్వి ఓబోని మూడు ముక్కలుగా విప్పి, ఈకతో లోపల తుడుస్తోంది. ఎవరి మొహమూ చూడలేదు. కోటు వేసుకుని వెళ్తూ వీబ్కె పక్కన ఒక్క క్షణం ఆగింది.

"ఇక్కడ కిటికీలోంచి గాలి కొడుతుందే. మెడకి ఏదైనా చుట్టుకో," అంది.

వెళ్ళిపోయింది. శ్రుతిని మీటకుండా వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం రేవు దగ్గర చేపల రొట్టెల కొట్టుముందు బృందమంతా గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు నిలబడింది.

"నువ్వు గీస్తావనుకున్నానే," అన్నాడు ఐవింద్ వీబ్కెతో.

"నేనా? నువ్వు గీస్తావని నేను మడమెత్తుకుని కూర్చున్నా. నీ బూటు పడవంత ఉంటుంది, కదిపితే ఊరంతా వినపడుతుంది."

"ఎవరూ మొదలెట్టలేదుగా."

"నేనూ అందుకే," అంది వెనకనుంచి చెల్లో వాయించే ఆవిడ. "నేనూ," అన్నాడు కొమ్ము ఊదేవాడు. అలా ఒక్కొక్కరే "నేనూ, నేనూ" అంటూ ఉంటే జోల్తాన్ తన రొట్టె అక్కడి పావురాలకి పడేశాడు.

"మళ్ళీ ఓటేద్దాం," అంది వీబ్కె.

"అయిపోయినదాన్ని మళ్ళీ తెరవాలంటే ఓటేసినవాళ్ళు అందరూ ఉండాలి. హెల్వి కూడా. మనమే రాసుకున్న నియమం."

హెల్వి అప్పటికే తన దేశానికి, హెల్సింకీ ఓడలో ఉంది. ఫోన్ మోగింది, మోగింది, మోగి మోగి అలిసిపోయింది.

గ్రాసిండా వచ్చింది. పాపం, ఎవరికీ చేదైన మనిషి కాదు. వచ్చిన రోజే అందరికీ బాదం పలుకులు పంచింది. ఆమె శ్రుతి గాజులాగే ఉంది, వెలిగి ఆరిపోయేది, కోటు కాదుగదా జేబురుమాలు కూడా ఆరేయడానికి ఉండేది కాదు. కానీ హెల్వి వదిలిన పాత శ్రుతి గదికి అడ్డంగా అలాగే ఉంది. రెండూ కలిసినప్పుడల్లా గాలి కందిరీగల తుట్టెలా జుమ్మనేది. గాజు కిటికీలు పగుళ్ళిచ్చాయి, ఫ్లూటు వాయించేవాడి కట్టుడు పళ్ళు రెండుసార్లు ఊడిపడ్డాయి.

"అక్కా, నాకేమీ పట్టింపు లేదుగానీ, దాన్ని ఎవరైనా తీసి దాస్తే బావుండు," అంది గ్రాసిండా.

"నేను తీసుకెళ్ళి ఆవిడకే ఇచ్చేస్తా," అంది వీబ్కె. అందరూ తలలూపారు. అది ఓటు లేకుండా జరిగిన మొదటి పని.

నిచ్చెనెక్కి మేకునుంచి విప్పింది. మోచేతికీ బొటనవేలికీ మధ్య ఊలు దారం చుట్టినట్టు చుట్టింది. వయోలా పెట్టెలో, వయోలా పక్కనే, మెత్తటి గుడ్డ కింద పెట్టింది. ట్రావెమ్యుండె రేవులో ఓడెక్కింది. దారి పొడుగునా ఆ ఓడ కూత హెల్వి శ్రుతిలోనే కూసింది. కెప్టెన్ ఒకసారి బయటికి తొంగిచూసి, సముద్రం బాగానే ఉందని లోపలికెళ్ళాడు.

హెల్సింకీ దగ్గర లొవీసా అనే చిన్న ఊళ్ళో, చెల్లెలి ఇంటి పెరట్లో, హెల్వి పీటమీద కూర్చుని చిన్న చేపలు శుభ్రం చేస్తోంది. వీబ్కెని చూసి కత్తి పక్కన పెట్టింది. చెయ్యి కలపడానికి చేతినిండా పొలుసులు.

"ఓడలో తిండి దొరికిందా, లేక వాళ్ళు ఇంకా ఆ రబ్బరు మీట్‌బాల్సే పెడుతున్నారా?"

"రబ్బరే."

"లోపలికి రా. యాలకుల రొట్టె ఉంది."

కాఫీ తాగుతుండగా వీబ్కె పెట్టె తెరిచి శ్రుతి చుట్ట బయటికి తీసింది. హెల్వి దాన్ని చూసి, ఎవరో తను మర్చిపోయిన గొడుగు తెచ్చిచ్చినట్టు అందుకుంది.

"ఓటు నిజం కాదు హెల్వి," అంది వీబ్కె. దారంతా తయారుచేసుకున్న మాటలన్నీ ఓడలోనే ఉండిపోయాయి. "ఎవరికీ ఇష్టం లేదు. అందరం ఎవరో ఒకరు మొదలెడతారని కూర్చున్నాం. ముప్ఫై ఎనిమిది మందిమీ."

"తెలుసు."

"తెలుసా?"

"పాతికేళ్ళు మిమ్మల్ని మొదలెట్టించినదాన్ని. మీ కాళ్ళ సంగతి నాకు తెలీదా?"

వీబ్కె కప్పు కింద పెట్టింది. "నీ ఊపిరి కోసం చూశాను. రాలేదు."

"బిగబట్టాను," అంది హెల్వి. "తీస్తే మీరంతా గీసేవాళ్ళు. అప్పుడది ఓటా? నా చోటు నేనే అడుక్కున్నట్టు. నాక్కూడా కాలుంది, నేనైనా గీయొచ్చు. గీయలేదు. నా ఊపిరి లేకుండా ఒక్కరైనా మొదలెడతారేమో, ఒక్కసారి చూద్దామనిపించింది."

ఆమె వీబ్కె కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది.

"నీ మడమ లేచింది," అంది హెల్వి. గొంతులో కోపం లేదు, అందుకే వినడం కష్టమైంది. "ఆ కుడి బూటు కీచుమంటుంది కదా నీది, ఎన్నిసార్లు చెప్పినా మార్చవు. లేచిన చప్పుడు విన్నాను. ఇక దింపి గీస్తుందిలే, వీబ్కె గీస్తుందిలే అనుకున్నా. చాలాసేపు అనుకున్నా."

వీబ్కె ఏడవలేదు. ఏడుపుకి కూడా ఎవరైనా ముందు ఊపిరి తియ్యాలేమో. "రా హెల్వి. నువ్వుంటే మళ్ళీ ఓటు తెరవొచ్చు. నేనే గీస్తాను. రెండు కాళ్ళతో గీస్తాను."

"ఓబోకి పెట్టే రెల్లు పీకలన్నీ ఆవిరి స్నానాల గది పొయ్యిలో వేసేశాను. మంచి మంట వచ్చింది." కొంచెం నవ్వింది. "వచ్చి కూర్చోగలనే. ఊపిరి తియ్యలేను. తీసినప్పుడల్లా ఎవరైనా వింటున్నారా అని చూసుకుంటాను. అలాంటి ఊపిరితో ఎవరు మొదలెడతారు?"

శ్రుతి చుట్టని ఆమె పెరట్లోకి తీసుకెళ్ళి, కంచె గుంజకీ ఆవిరిగదికీ మధ్య కట్టింది. చెల్లెలొచ్చి ఏమీ అడక్కుండా దానిమీద తువ్వాళ్ళు ఆరేసింది. వీబ్కె వెళ్ళేటప్పుడు హెల్వి గుమ్మందాకా వచ్చి, చేపల వాసన చేత్తోనే ఆమె కోటు గుండీ పెట్టింది.

ల్యూబెక్‌కి తిరిగొచ్చిన పొద్దున వీబ్కె తన చోట్లో కూర్చుని గ్రాసిండాతో శ్రుతి చేసుకుంటే, తీగ పైకి పోలేదు. బిరడా తిప్పింది. తిప్పింది, ఇంకా తిప్పింది. బిరడా తిరుగుతోంది, తీగ మాత్రం హెల్వి శ్రుతి దగ్గరే ఆగి ఉంది. కొత్త తీగ వేస్తే అదీ అక్కడే ఆగింది. ఐవింద్ వయోలా తీసుకుని పెట్టెలో ముక్కు పెట్టి వాసన చూశాడు.

"శ్రుతి చుట్టని దీని పక్కనే పెట్టి తీసుకెళ్ళావా?"

"ఊఁ."

"పట్టేసింది మరి," అన్నాడు, ఉల్లిపాయల పక్కన వెన్న పెడితే అన్నట్టు.

వాయించినప్పుడల్లా మళ్ళీ కందిరీగలు. రాదెల్లి రెండుసార్లు ఆపి, మూడోసారి కుర్చీ వెనక్కి నెట్టాడు. "క్షమించండి. మీ ఇంటి వ్యవహారం. కానీ ఇలా కుదరదు," అన్నాడు. అది నిజమే, ఎవరూ కాదనలేకపోయారు.

కాబట్టి మళ్ళీ ఓటు.

జోల్తాన్ నేలవైపు చూస్తూ చెప్పాడు. "శ్రుతి కలవనందువల్ల వీబ్కె బృందంలోంచి వెళ్ళాలి. కాదనేవాళ్ళు గీయండి. కళ్ళు."

వీబ్కె కళ్ళు మూసుకుంది. తనూ సభ్యురాలే. తన కాలు తను గీసుకోవచ్చు, ఒక్క గీత, అంతటితో సరి. హెల్వి ఎందుకు గీయలేకపోయిందో ఇప్పుడు తెలిసింది. రెండు పాదాలూ నేలకి ఆనించి, కదలకుండా పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు.

నిశ్శబ్దం. అదే నిశ్శబ్దం, అదే గది. ముందర ఎక్కడో ఒక బూటు తోలు సన్నగా కిర్రుమంది, ఆగిపోయింది. ఎవరిదో మడమ లేచింది. ఆమెకి అది గొడ్డలితో కొట్టినంత స్పష్టంగా వినిపించింది. లేచింది, దిగలేదు. హెల్వి విన్నది ఇదన్నమాట. ఇంతసేపు విన్నదన్నమాట.

అప్పుడు వెనక కుర్చీలో గ్రాసిండా, గోడ ఉప్పు ముక్కులోకి పోయి, తుమ్మబోతూ ఒక పెద్ద ఊపిరి లోపలికి తీసింది.

బృందమంతా ఒక్కసారిగా గీసింది. ముప్ఫై ఏడు జతల బూట్లు. గిడ్డంగి నేల అటునుంచి ఇటు ఒరిగింది, దూలాలమీది ఉప్పు మంచులా రాలింది, రేవులో పావురాలు లేచి డెన్మార్క్ దాకా వెళ్ళిపోయాయి. ఎవరూ పొరపాటున గీయలేదు, ఒక్కరూ ఆపలేదు. గీసిందే మళ్ళీ మళ్ళీ గీశారు. గ్రాసిండా తుమ్ము రానేలేదు. ఆమె కూడా ముక్కు పట్టుకునే గీసింది.

"వీబ్కె ఉంటుంది," అన్నాడు జోల్తాన్. ఉప్పు పడో మరెందుకో కళ్ళు తుడుచుకున్నాడు. "తీగ పైకి రాకపోతే మనమే కిందికి వెళ్దాం. వీబ్కె, శ్రుతి ఇవ్వు."

రాదెల్లి చాలాసేపు తన పొడుగు వేళ్ళు చూసుకున్నాడు. ఆ తర్వాత పియానో దగ్గరికెళ్ళి ఒక మెట్టు నొక్కి, అది అప్పటికే దిగి ఉండడం విని, కుర్చీ ముందుకి లాక్కున్నాడు. వీబ్కె విల్లు వేసింది. గ్రాసిండా తన రెల్లుని కొంచెం బయటికి లాగి, కిందికి దిగి కలిసింది. అందరూ కలిశారు. ఆ రోజునుంచీ ఉప్పుకొట్టు బృందానికి శ్రుతి వీబ్కెదే. సరిగ్గా హెల్వి శ్రుతే, వెంట్రుకవాసి తేడా లేదు. హెల్వి తిరిగొచ్చినా సరిపోయే శ్రుతి.

విరామంలో ఐవింద్ రెండు కప్పుల కాఫీ తెచ్చాడు. ఇద్దరూ గిడ్డంగి తలుపు దగ్గర నిలబడ్డారు.

"బతికిపోయావే," అన్నాడు వాడు. "నా బూటు అడుగు అరిగిపోయింది, కొత్తది నువ్వే కొనాలి."

"కష్టమనిపించిందా?"

"ఏది?"

"గీయడం."

"కష్టమేముందే. కాలు కాస్త ముందుకి జరిపాను. అంతే."

"అంతేనా?"

"అంతే," అన్నాడు ఐవింద్. అని, ఒకప్పటి హెల్వి కుర్చీ వైపు చూసి ఆగిపోయాడు. నోటి దాకా వెళ్ళిన కప్పు తాగకుండానే కిందికి దిగింది.

తర్వాతి మాట ఎవరు మొదలెడతారా అని ఇద్దరూ ఎదురుచూస్తూ, కాఫీ చల్లారేదాకా అలాగే నిలబడ్డారు.